బిందె మీద పేరు

మా ఇంట్లో స్టీలు గరిటె మీద కూడా పేరుంటుంది, కొన్న తేదీతో సహా. "దొంగలకి భయపడా, లేక మనవలు మరిచిపోతారనా?" అని మావారు ఎగతాళి చేస్తూ ఉంటారు. నేను విననట్టే ఊరుకుంటాను. గృహప్రవేశానికి పంచిన డబ్బాల మీద మా ఇద్దరి పేర్లూ కొట్టించి, ఎన్ని వంటిళ్ళలో కొలువు తీరామో నా దగ్గర లెక్కుంది మరి!

అలాంటి నేను ఆమధ్య బందరు వెళ్ళివచ్చాక, ఈ పేర్ల సంగతి కాస్త ఆలోచించుకోవలసి వచ్చింది.

వెళ్ళింది పెళ్ళికి. ముహూర్తం రాత్రికి. పగలంతా ఏం చేస్తాం? మా ఆడపడుచూ నేనూ ఆటో మాట్లాడుకుని ఊరు చూడబోయాం. చిలకలపూడి గాజులు కొన్నాం, బందరు లడ్డూలు కట్టించాం. ఆడవాళ్ళ యాత్ర అక్కడితో పూర్తయినట్టే. కానీ ఆటో అబ్బాయి వదల్లేదు. "వలందావాళ్ళ సమాధులు చూడరామ్మా?" అన్నాడు.

వలందావాళ్ళంటే డచ్చివారు. 1605లోనే ఇక్కడికి వచ్చి వర్తకం పెట్టారు. వాళ్ళ వెనక 1611లో ఇంగ్లీషువాళ్ళు. 1750లో రేవు ఫ్రెంచివాళ్ళ చేతిలో పడితే, 1759లో ఇంగ్లీషువాళ్ళు లాక్కున్నారు. అందరూ వచ్చింది మన అద్దకం బట్టల కోసమే. ఇప్పుడు వాళ్ళెవరూ లేరు. వలందపాలెం, ఫరాసుపేట, ఇంగ్లీషుపాలెం అని పేటల పేర్లు మాత్రం మిగిలాయి.

ఆ సమాధుల మీద పెద్ద పెద్ద రాతి పలకలు. వంశ చిహ్నాలూ, చుట్టూ అక్షరాలూ, ఎంత పొందిగ్గా చెక్కారో! మా ఆడపడుచు వంగి వేలితో తడిమి చూసింది.

"ఏం రాశారు వదినా?"

"నాకేం తెలుసు? వాళ్ళ భాష."

"ఇంత లోతుగా చెక్కించుకుని ఏం లాభం, చదివే దిక్కు లేకపోయాక!"

నాకు వెంటనే వేదాంతం పుట్టుకొచ్చింది. చిరివేరుతో ఎర్రరంగు వేసి, ఆ బట్టల్ని పర్షియా దాకా పంపిన అద్దకంవాళ్ళలో ఒక్కరి పేరైనా మనకి తెలుసా? మొట్టమొదట బందరు లడ్డూ చుట్టిన చెయ్యి ఎవరిది? పేరు లేకపోయినా పని నిలిచిందిగా! పేరుదేముంది, వట్టి భ్రమ... ఇలా చెప్పుకుంటూ పోతున్నాను. నాకే ముచ్చటేసింది.

అంతా విని మా ఆడపడుచు నెమ్మదిగా అంది: "మా అమ్మకీ ఏ రాయీ లేదు వదినా. ఆ ఇత్తడి బిందె మీద పేరొక్కటే. అది నీ దగ్గరే ఉంది కదూ? నాకివ్వవూ?"

నా వేదాంతం గొంతులోనే ఆగిపోయింది. "అటక మీద ఉండాలి, చూస్తాను" అన్నాను.

అటక మీద లేదు. పదకొండేళ్ళ కిందట పాత ఇత్తడితో పాటు పాత్రల కొట్లో తూకానికి వేసేశాను. కాటాలో పెడుతుంటే అత్తగారి పేరు కనిపించింది కూడా. చుక్కలు చుక్కలుగా, కాస్త వంకరగా కొట్టిన పేరు. ఒక్క క్షణం మనసు పీకింది. 'ఎవరు తోముతారు దీన్ని' అనుకుని చూపు తిప్పుకున్నాను. ఆ డబ్బుకి స్టీలు డ్రమ్ము వచ్చింది. దాని మీద నా పేరు కొట్టించుకున్నాను.

సాయంత్రం బందరుకోట వైపు వెళ్ళాం. బందరు అంటేనే రేవు. అంత పేరు మోసిన రేవులోనూ నీళ్ళు లోతు చాలక పెద్ద ఓడలు దూరంగానే లంగరు వేసేవట. అక్కణ్ణించి సరుకంతా పడవల మీద ఒడ్డుకి చేర్చేవారు. ఇప్పుడు మిగిలినవి పాతగోడలూ, బురదనేలలూ, చేపల పడవలూ. కొత్త రేవు పనులు 2023లో మొదలయ్యాయి.

అక్కడ నించున్నప్పుడు 1864 గుర్తొచ్చింది. ఆ ఏడు నవంబరు 1 రాత్రి తుఫానుకి సముద్రం పొంగి ఊరి మీద పడింది. సుమారు 30,000 మంది పోయారు. అంకె వేసి, పక్కన 'సుమారు' అని రాసుకున్నాం. ఆ సుమారులో ఎంతమంది తల్లులు, ఎంతమంది పసిపిల్లలు! ఒక్కొక్కరికీ ఒక పేరుండే ఉంటుంది. ఆ పేరు పెట్టి అన్నానికి పిలిచినవాళ్ళు ఉండే ఉంటారు. పిలిచేవాళ్ళూ పలికేవాళ్ళూ ఒక్క రాత్రిలోనే పోయారు.

పొద్దున నేను చెప్పిన వేదాంతం వాళ్ళ ముందు చెప్పగలనా? 'పేరుదేముంది' అని నా పేరు గురించి నేను అనుకుంటే అది వైరాగ్యం. ఎదుటివాళ్ళ పేరు గురించి అంటే అది నిర్లక్ష్యం. నేను చేసింది రెండోది. పైగా దానికి మొదటిదాని చీర కట్టాను.

మన పేరు నిలవాలని తాపత్రయపడడం చిన్న బలహీనత. సముద్రమో, కాలమో దాని సంగతి చూసుకుంటుంది. కానీ మన చేతికి వచ్చిన ఇంకొకరి పేరుని మనమే చెరిపేసే హక్కు మనకెక్కడిది? ఆ పని చెయ్యడానికి సముద్రం ఉండనే ఉందిగా!

తిరుగు దారిలో ఆటోలోనే నిజం చెప్పేశాను. మా ఆడపడుచు కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. చాలాసేపు బయటికే చూస్తూ కూచుని, "అమ్మ కాపరానికి వచ్చేటప్పుడు పుట్టింటివాళ్ళు ఇచ్చిన బిందె అది" అంది. అంతే. పెళ్ళిపందిట్లో నా పక్కనే కూచుని అక్షింతలు కూడా నా దోసిట్లో పోసింది. బిందె మాట మళ్ళీ ఎత్తలేదు.

ఆ స్టీలు డ్రమ్ములో ఇప్పటికీ బియ్యమే పోస్తున్నాను. మూత తీసినప్పుడల్లా నా పేరు మెరుస్తూ కనిపిస్తుంది. దాని కింద ఇంకో పేరు వంకరగా, చుక్కలు చుక్కలుగా నాకు మాత్రమే కనిపిస్తుంది.

మీ ఇంట్లో పాత సామాను తూకానికి వేసేముందు ఒక్కసారి అంచు తిప్పి చూడండి. ఎవరి పేరైనా ఉందేమో!