బిడ్డను చూసే హక్కు ఎవరిది?

ఆలుమగలు విడిపోతే మన గూడేల్లో పెద్దలు కూర్చుంటారు. ఓలి లెక్క, తప్పు లెక్క, పశువుల లెక్క తేలుస్తారు. బిడ్డ ఎవరి దగ్గర ఉండాలో చెబుతారు. రెండోవారిని బిడ్డ ఎప్పుడు, ఎలా కలవాలన్న మాట చాలాసార్లు రానే రాదు. తల్లి ఊరు, తండ్రి ఊరు వాగుకు అటూ ఇటూ ఉన్న రోజుల్లో ఆ మాట అవసరం పడలేదేమో. బిడ్డ తన కాళ్ళతో నడిచి వెళ్ళేది. ఇప్పుడు ఒకరు మిర్చి కోతలకు, మరొకరు పట్నానికి పోతున్నారు. బిడ్డ ఆశ్రమ పాఠశాలలో ఉంటోంది. ఆ పాత దారి తెగిపోయింది.

1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం, కేంద్రం ప్రత్యేకంగా నోటిఫికేషన్ ఇస్తే తప్ప, షెడ్యూల్డ్ తెగలకు వర్తించదు. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం మాత్రం ఉంది. దాని 17వ సెక్షన్ బిడ్డకు వర్తించే చట్టానికి లోబడి ఆ బిడ్డ సంక్షేమాన్నే చూడమంటుంది. తెలివి వచ్చిన బిడ్డ ఇష్టాన్ని కూడా కోర్టు లెక్కలోకి తీసుకోవచ్చంటుంది. పిల్లలు తల్లిదండ్రుల ఆస్తీ కాదు, ఆటబొమ్మలూ కాదని సుప్రీంకోర్టు 1973లోనే చెప్పింది. ఇద్దరి ప్రేమా పొందే హక్కు బిడ్డకు ఉందనీ, దూరంగా ఉన్నవారితో వీడియో కాల్‌లోనైనా మాట్లాడించాలనీ 2020లో మరో తీర్పులో చెప్పింది.

అంటే ఈ హక్కు మొదట బిడ్డది. ఇది ఒప్పుకుంటే మన వాదనలు కొన్ని నిలవవు. "ఖర్చులు ఇవ్వనివాడికి బిడ్డను చూపించం" అంటాం. "చూడనివ్వలేదు కాబట్టి ఖర్చులు ఇవ్వను" అని అటువాళ్ళు అంటారు. రెండు చోట్లా నష్టపోయేది బిడ్డే.

మరి తాగొచ్చి కొట్టిన తండ్రి సంగతి? హక్కు బిడ్డది కాబట్టే బిడ్డ క్షేమం ముందు. అలాంటప్పుడు కోర్టు మరొకరి సమక్షంలో మాత్రమే కలవనిస్తుంది, లేదా కలవనివ్వదు. మనమూ అంతే గట్టిగా ఉండాలి. కానీ మన కోపాన్ని బిడ్డ భయంగా చూపించకూడదు.

బిడ్డే "నేను పోను" అంటే? అది తన మాటా, ఇంట్లో రోజూ విన్న మాటా అన్నది ఓపికగా తెలుసుకోవాలి. పదిమంది మధ్య నిలబెట్టి "అమ్మ కావాలా, నాన్న కావాలా" అని అడగడం న్యాయం కాదు, హింస. నమ్మకమున్న ఒకరు విడిగా కూర్చుని వినాలి.

కోర్టు రోజును, గంటను నిర్ణయించగలదు. ప్రేమను పుట్టించలేదు. పైగా కోర్టుకు పోవాలంటే మనకు ఒక రోజు కూలి పోతుంది, బస్సు ఖర్చు మీద పడుతుంది. అందుకే సగం పని పెద్దలదీ, ఉపాధ్యాయులదీ. పంచాయితీలో ఓలి లెక్కతో పాటు కలుసుకునే రోజులు కూడా తేల్చి రాయించాలి. బడికి వచ్చిన తల్లినో తండ్రినో, కోర్టు ఉత్తర్వు గానీ బిడ్డకు ప్రమాదం గానీ అడ్డు లేనప్పుడు, ఒక పక్షం మాట విని తిప్పి పంపకూడదు. యువకులు తమ అక్కాచెల్లెళ్ళ, అన్నదమ్ముల తగవుల్లో ఈ ఒక్క ప్రశ్న లేవనెత్తినా చాలు: ఇందులో బిడ్డకు ఏం మిగులుతోంది?