లోతులలో మనస్సాక్షి



ఎవరును చూడని చోట మనుష్యుడు ఎవరికి జవాబుదారి? ఈ ప్రశ్న పాతదే. అయితే గడచిన శతాబ్దమున మనుష్యుడు కట్టిన ఒక నౌక దీనిని మునుపెన్నడు లేనంత భారమైన ప్రశ్నగా చేసినది. అదియే అణుశక్తితో నడచు జలాంతర్గామి.

పూర్వపు జలాంతర్గామి డీజిలు యంత్రముతో తన బ్యాటరీలను నింపుకొనవలెను. ఆ యంత్రమునకు గాలి కావలెను గనుక, అది మాటిమాటికి నీటి పైభాగమునకు రాక తప్పదు. అణు రియాక్టరునకు గాలితో పనిలేదు. యురేనియము పరమాణువులు చీలునప్పుడు పుట్టిన వేడిమి నీటిని ఆవిరిగా మార్చును. ఆ ఆవిరి టర్బైనును త్రిప్పును. మన ఇబ్రహీంపట్నము థర్మల్ కేంద్రములో బొగ్గు చేయు పనిని అక్కడ యురేనియము పొగ లేకుండ చేయును. అమెరికావారి నాటిలస్ 1955 జనవరి 17న మొదటిసారి అణుశక్తితో బయలుదేరి, 1958 ఆగష్టు 3న ఉత్తర ధ్రువపు మంచు క్రిందుగా సాగిపోయినది. ఊపిరికి గాలియు, త్రాగుటకు నీరును అట్టి నౌకలోనే సిద్ధమగును. ఆహారము, నావికుల ఓర్పు, ఈ రెండే దాని ప్రయాణమునకు హద్దులు.

ఇది దూరదేశపు సంగతి మాత్రమే కాదు. 1988లో సోవియట్ దేశమునుండి మూడేండ్లకు అద్దెకు తెచ్చిన చక్ర మన విశాఖపట్నమునే స్థావరముగా చేసికొన్నది. విశాఖలోనే కట్టబడిన అరిహంత్ 2009 జులై 26న జలప్రవేశము చేసినది. అది అణ్వస్త్ర గస్తీని మొదటిసారి ముగించిన సంగతిని 2018 నవంబరు 5న ప్రధానమంత్రి ప్రకటించెను. రెండవదైన అరిఘాత్ 2024 ఆగష్టు 29న నౌకాదళములో చేరినది. ముందుగా అణ్వస్త్రము ప్రయోగింపమన్నది మన దేశపు విధానము. కావున ఈ నౌకల పని వింతైనది. ఎన్నడును ప్రయోగింపవలసిన గతి రాకుండుటకై అవి ఎల్లప్పుడు సిద్ధముగా ఉండవలెను.

ఇది న్యాయమేనా? నిరపరాధులైన లక్షలమందిని చంపుదుమని బెదరించుట తానే పాపమని కొందరందురు. శత్రువు చేతిని ఆపగలది మరియొకటి లేనప్పుడు ప్రజలను కాపాడుట పాలకుల ధర్మమని మరికొందరందురు. ఇరుపక్షములలోను నిజమున్నది. అయితే ఎవరి పక్షమున నిలిచినను ఒక సంగతిని మరువరాదు. ఆజ్ఞ పైనుండి రావచ్చును గాని, దానిని నెరవేర్చు చేయి ఒక మనుష్యునిదే.

1961 జులై 4న సోవియట్ అణు జలాంతర్గామి కె-19 ఉత్తర అట్లాంటిక్ సముద్రములో ఉండగా, రియాక్టరును చల్లబరచు ఏర్పాటు చెడిపోయెను. కొందరు నావికులు వంతులవారీగా ఆ గదిలోనికి పోయి, క్రొత్త గొట్టమును అతికి నీరు పారించిరి. వారిలో ఎనిమిదిమంది మూడు వారములలోపుననే మరణించిరి. 

ఆ నౌకలోనే ఉన్న వసీలీ అర్ఖీపోవ్ అను అధికారి మరుసటి సంవత్సరము, అనగా 1962 అక్టోబరు 27న, క్యూబా సమీపమున బి-59 అను డీజిలు జలాంతర్గామిలో ఉండెను. పైన అమెరికా యుద్ధనౌకలు నీటిలో బాంబులు ప్రేలుస్తూ ఉండెను. లోపల భరింపరాని వేడి. మాస్కోతో సంబంధము లేదు. కెప్టెను ఉద్రేకపడి అణు టార్పెడోను సిద్ధము చేయుమనగా, అర్ఖీపోవ్ అతనిని శాంతపరచెనని ఆ నౌకలోనివాడొకడు తరువాత సాక్ష్యమిచ్చెను. నౌక పైకి తేలినది; యుద్ధము తప్పినది. కె-19లో అణుశక్తి మనుష్యుని దేహమునకు ఏమి చేయునో అతడు కన్నులార చూచియుండెను.

మన భవానీపురము ప్రక్కన ప్రకాశం బ్యారేజీ నిలిపిన నీరు కాలువలగుండ శివారు పొలములవరకు పోవలెను. అర్ధరాత్రివేళ తలుపుల దగ్గరనుండు లస్కరును ఎవరు చూతురు? పలుకుబడిగలవాడొకడు వచ్చి ఒక్క తలుపు ఎత్తుమని అడిగినప్పుడు అతడు కాదనలేనియెడల, చివరి ఊరి నారుమడి ఎండును. అతని అధికారము చిన్నది, ఆ నావికునిది పెద్దది. అయినను పరీక్ష ఒక్కటే.

139వ కీర్తనకారుడు సముద్రపు అంచులకు పోయినను, చీకటిలో దాగినను దేవుని చూపునకు మరుగు కాలేనని ఒప్పుకొనెను. ఆ ఎరుక అతనికి భయము మాత్రమే కాదు, తోడుకూడ.

కావున ప్రియులారా, విశాఖ రేవునుండి లోతులకు దిగు మన బిడ్డలకొరకు ప్రార్థించునప్పుడు క్షేమముమాత్రమే అడుగక, స్థిరమైన మనస్సునుకూడ అడుగుదము. సమయము వచ్చినప్పుడు కాదనగల ధైర్యము ఒక్క దినములో అలవడదు. అది ఇంటిలో, అంగడిలో, కచేరీలో, ఎవరును లెక్క అడుగని చిన్న పనులలో నేర్చుకొనవలసినది. మన పిల్లలు దానిని మనయొద్దనే నేర్చుకొనుచున్నారు.