రొమ్ము క్యాన్సర్ జన్యుపరీక్ష: ముప్పు, తలరాత

రొమ్ము క్యాన్సర్ ముప్పును తెలిపే జన్యుపరీక్ష గురించి రోగులకు ఇచ్చే కరపత్రం ఒక పాత ప్రశ్నను దాటిపోలేదు: పుట్టుకతో వచ్చినదంతా తప్పనిదేనా? నిర్మల్ జిల్లాలో బీడీలు చుట్టే ఆడవాళ్ల ఇళ్లలో జబ్బు మాట తలరాత దాకా వస్తుంది, ముస్లిం కుటుంబాల్లో కిస్మత్ దాకా వస్తుంది. ఆ మాటలను మూఢనమ్మకమని కొట్టేసే కాగితాన్ని ఎవరూ రెండోసారి చదవరు.

ఈ పరీక్షలో చూసే బీఆర్‌సీఏ1 జన్యువు 17వ క్రోమోజోమ్‌పై ఉందని 1990లో తేలింది. 1994లో దాన్ని వేరు చేశారు. బీఆర్‌సీఏ2 ఉండేది 13వ క్రోమోజోమ్‌పై. తెగిన డీఎన్‌ఏను సరిచేయడంలో ఈ రెండింటికీ పాత్ర ఉంది. వీటిలో హానికరమైన మార్పు ఉన్న స్త్రీలలో 80 ఏళ్లలోపు ప్రతి 100 మందిలో సుమారు 70 మందికి రొమ్ము క్యాన్సర్ వస్తుందని విదేశాల్లో జరిగిన ఒక పెద్ద అధ్యయనం అంచనా వేసింది. 100 బొమ్మలు గీసి 70కి రంగు వేసే కరపత్రం మిగిలిన 30 మందినీ అంతే స్పష్టంగా చూపాలి. ఆ 30 మంది కనబడకపోతే ముప్పు కాస్తా శాపమైపోతుంది.

కర్మ సిద్ధాంతం కూడా అన్నింటినీ ఒకే గాటన కట్టలేదు. ఫలితమివ్వడం మొదలైన ప్రారబ్ధం వేరు, ఇప్పటి పనులతో కూడే ఆగామి వేరు. యోగవాసిష్ఠంలో ముముక్షువ్యవహార ప్రకరణం పౌరుషానికే, అంటే మనిషి ప్రయత్నానికే పెద్దపీట వేస్తుంది. ఇస్లామీయ చింతనలోనూ తఖ్దీర్ (విధి) పక్కన మనిషి చేసుకునే తద్‌బీర్‌కు (ప్రయత్నానికి) చోటుంది. జన్యువులో వచ్చిన మార్పును ఎవరూ వెనక్కి పంపలేరు. కానీ అది ఉందని తెలిశాక ఎమ్మారై పరీక్షలు, మందులు, ముందుజాగ్రత్త శస్త్రచికిత్స వంటి దారులున్నాయి. అయితే కర్మ మాటను కరపత్రంలోకి తెచ్చేవారు జాగ్రత్తపడాలి: జబ్బును పూర్వజన్మ పాపంగా చూపితే బాధపడుతున్న మనిషి మీదే నేరం మోపినట్టవుతుంది.

నింద ఇంకో దారిలోనూ వస్తుంది. ఈ మార్పు తండ్రి నుంచీ సంక్రమించవచ్చు; కొడుకైనా కూతురైనా ప్రతి బిడ్డకూ వచ్చే అవకాశం సగం. తల్లి తరఫునే వెతికే కుటుంబవృక్షం మేనత్తలను వదిలేస్తుంది, కోడలి పుట్టింటిని అన్యాయంగా నిలదీస్తుంది.

అన్నిటికన్నా కష్టమైన ప్రశ్న ఈ ఫలితం ఎవరిదన్నది. రక్తం ఇచ్చేది ఒకరు, సమాచారం అక్కాచెల్లెళ్లందరిదీ. తెలుసుకోకుండా ఉండే హక్కు చెల్లెలికుంది. ఆమెను హెచ్చరించాల్సిన బాధ్యత అక్కకుంది. పెళ్లి కావలసిన అమ్మాయి ఉన్న ఇంట్లో ఈ రెండూ ఢీకొంటాయి. ఎవరికి, ఎప్పుడు, ఎవరి నోట చెప్పాలో నమూనా తీసుకోకముందే ఆ కుటుంబంతో మాట్లాడాలి. హానికరమో కాదో తేలని మార్పు కనబడవచ్చని కూడా అప్పుడే చెప్పాలి. అలాంటి ఫలితం ఆధారంగా ఎవరూ రొమ్ము తొలగించుకోకూడదు. హైదరాబాద్ నిమ్స్‌లోని వైద్య జన్యుశాస్త్ర విభాగం వంటి చోటికి వెళ్లాలంటే నిర్మల్ నుంచి 200 కిలోమీటర్లు పోవాలి కాబట్టి, ఈ మాటలన్నీ ఊళ్లోనే ఆశా కార్యకర్త చదివి వినిపించగలిగే తెలుగులో, ఉర్దూలో ఉండాలి.