పేరు ఎవరిది?

మనిషికి సొంతమైనవాటిలో మొదటిది పేరే అని అంటారు. కొంచెం ఆలోచిస్తే ఆ మాట అంత తేలిగ్గా నిలబడదు. మన పేరు మనం పెట్టుకోలేదు, పెద్దలు పెట్టారు. దాన్ని మనం వాడేదీ తక్కువే. రోజంతా దాన్ని పలికేది ఇతరులు. ఇంటిపేరు ఇంకా దూరం నుంచి వచ్చింది. దాన్ని మొదట ఎవరు మోశారో మన తాతలకు కూడా తెలియదు. మరి పేరు ఎవరిది? పెట్టినవారిదా, మోసేవారిదా, పిలిచేవారిదా, రికార్డులో రాసేవారిదా?

ఇది మన ఆదివాసులకు ఊసుపోక వేసుకునే ప్రశ్న కాదు. మన పెళ్లి సంబంధం, దేవర కొలుపు, కుల ధ్రువీకరణ పత్రం, భూమి పట్టా అన్నీ పేరు మీదే ఆధారపడి ఉన్నాయి. అందుకే ఉపాధ్యాయులుగా, ఆదివాసులుగా మనం దీని గురించి ఒకసారి కూర్చుని ఆలోచించాలి.

ముందు ఇంటిపేరు సంగతి చూద్దాం. మైదాన ప్రాంతంలో చాలా ఇంటిపేర్లు ఊరి పేర్ల నుంచి, చేసే పని నుంచి వచ్చాయి. మన ఇంటిపేర్ల దారి వేరు. ఆదిలాబాద్ గోండుల్లో ఒక మనిషి ఇంటిపేరు చెప్పగానే అతను నాలుగు దేవుళ్ల వాడా, ఐదు దేవుళ్ల వాడా, ఆరా, ఏడా అన్నది పెద్దలకు తెలిసిపోతుంది. వీటినే సగలు అంటారు. ఒకే సగలోని వారు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ల వరస. వారి మధ్య పెళ్లి ఉండదు. కోయల్లో గట్లు ఇదే పని చేస్తాయి. మెస్రం వారు ఏడు దేవుళ్ల సగకు చెందినవారు. పుష్య అమావాస్య నాడు కెస్లాపూర్‌లో నాగోబాకు పూజ చేయడం, అందుకోసం ముందుగా కాలినడకన వెళ్లి గోదావరి నీళ్లు తేవడం ఆ ఇంటిపేరు గలవారి బాధ్యత. ఆ ఇంటికి వచ్చిన కొత్త కోడళ్లను ‘భేటింగ్’ అనే ఆచారంలో నాగోబాకు పరిచయం చేస్తారు. అప్పటినుంచే వారు ఆ దేవుడి పూజలో భాగం అవుతారు.

అరకు, పాడేరు వైపు వెళితే కొర్రా అంటే సూర్యుడని, కిల్లో అంటే పులి అని, పాంగి అంటే గద్ద అని, గొల్లోరి అంటే కోతి అని, వంతల అంటే పాము అని పెద్దలు చెబుతారు. గోండుల్లో మర్కం మామిడి చెట్టుకు, టేకం టేకు చెట్టుకు చెందిన పేర్లు. పులి పేరు పెట్టుకున్నంత మాత్రాన పులి మనది కాదు. మనమే దానికి చుట్టాలం. అందుకే ఆ పేరు మోసేవారు ఆ జంతువుకు, ఆ చెట్టుకు కీడు చేయకూడదని చెప్పారు. అంటే మన ఇంటిపేరు మన దగ్గర ఏముందో చెప్పదు. మనం ఎవరికి కట్టుబడి ఉన్నామో చెబుతుంది. ఎవరిని పెళ్లాడకూడదు, దేన్ని నరకకూడదు, ఏ దేవరకు కొలుపు చేయాలి అనే మూడు కట్టుబాట్లు ఒక్క మాటలో ఇమిడి ఉన్నాయి.

ఇక పిలుపు పేర్లు. సోమవారం పుడితే సోమ్రా, బుధవారం పుడితే బుద్రా, శుక్రవారం పుడితే సుక్రు, సుక్రీ. దేవతల మీద భక్తితో జంగు, జంగుబాయి, భీము, సమ్మక్క, జంపన్న. సవరల్లో చనిపోయిన పెద్దల పేరు మళ్లీ పుట్టిన బిడ్డకు వస్తుంది. పెద్దవాళ్లు పోయినా వారి పేరు ఇంట్లో వినబడుతూనే ఉంటుంది. ఒకే గూడెంలో ముగ్గురు సుక్రులు ఉంటే పెద్ద సుక్రు, నడిపి సుక్రు, చిన్న సుక్రు అని పిలుచుకుంటారు. ఎవరికీ ఇబ్బంది లేదు.

ఈ పేర్లకు ‘అర్థం లేదు’ అని కొందరు చిన్నచూపు చూస్తారు. కానీ పేరు విలువ నిఘంటువులోని అర్థంలో ఉందా? లక్ష్మి అనే పేరున్న వారందరూ ధనవంతులు కారు. పల్లెల్లో పుట్టిన బిడ్డలు దక్కకపోతే, తర్వాత పుట్టిన బిడ్డకు పెంటయ్య అని, పుల్లయ్య అని పేరు పెట్టేవారు. చెత్త అని పిలిస్తే చావు కూడా పట్టించుకోకుండా వెళ్లిపోతుందని ఆ తల్లి ఆశ. పైకి చూస్తే అది అవమానించే పేరు. ఆ తల్లి వైపు నుంచి చూస్తే అంతకంటే ప్రేమగల పేరు ఉండదు. కాబట్టి పేరు విలువ తెలియాలంటే ఎవరు, ఎందుకు, ఏ మనసుతో పెట్టారో చూడాలి.

పేరు పెట్టే హక్కు గురించి మనవాళ్లు ఎంత లోతుగా ఆలోచించారో చెప్పే ఆచారం ఒకటి ఉంది. 1909లో వచ్చిన ఎడ్గర్ థర్‌స్టన్ గ్రంథంలో, దక్షిణ భారతదేశపు కులాలు, తెగల గురించి రాసిన సంపుటాల్లో, కోయల గురించి ఈ సంగతి ఉంది. బిడ్డ పుట్టిన ఏడో రోజున చేతిలో ఇప్ప ఆకు పెట్టి ఒక పేరు పలుకుతారు. బిడ్డ పిడికిలి మూసి ఆకును పట్టుకుంటే ఆ పేరుకు ఒప్పుకున్నట్టు. ఆకును వదిలేసినా, ఏడ్చినా ఆ పేరు నచ్చలేదని ఇంకో పేరు వెతుకుతారు.

ఏడు రోజుల బిడ్డకు పేరు నచ్చడం, నచ్చకపోవడం ఏమిటని ఎవరైనా నవ్వవచ్చు. అరచేతిలో ఏది పెట్టినా పసిబిడ్డ గుప్పిట మూస్తుందని మేము శిక్షణలో చదువుకున్నాం. అది నిజమే. అయినా ఈ ఆచారం బిడ్డ మనసు గురించి మాత్రమే చెప్పడం లేదు, పెద్దల మనసు గురించి చెబుతోంది. పేరు పెట్టే అధికారం తమ చేతుల్లో ఉన్నా వాళ్లు బిడ్డను అడిగారు. జవాబు కోసం ఆగారు. కాదంటే తాము అనుకున్న పేరును వెనక్కి తీసుకోవడానికి సిద్ధపడ్డారు. నోరు లేని పసిబిడ్డ దగ్గర కూడా అడిగి, ఆగి, ఒప్పుకోలు తీసుకోవడమే ఇందులోని నీతి.

దీని పక్కన రికార్డును పెట్టి చూడండి. రికార్డు అడగదు, ఆగదు. సుక్రీ ఒకచోట సుక్కుబాయి అవుతుంది, మరోచోట సుకన్య అవుతుంది. ఇంటిపేరు రాయాల్సిన గడి ఖాళీగా ఉండకూడదు కాబట్టి సవరల్లో చాలామందికి ‘సవర’ అనే తెగ పేరే ఇంటిపేరైంది. వారి సమాజంలో బిరిందా అనే రక్తబంధువుల కూటమి ముఖ్యం. ఆ సంగతి చెప్పడానికి దరఖాస్తులో గడి లేదు. 1940లో జోడేఘాట్‌లో నేలకొరిగిన మన వీరుడి ఇంటిపేరునే కొమరం, కొమురం, కుమ్రం, కుమురం అని రకరకాలుగా రాస్తున్నాం. 2016లో ఆయన పేరు మీద జిల్లా ఏర్పడింది. ఆయన పేరు ఎలా రాసినా జనం గుర్తుపడతారు. అదే ఇంటిపేరు గల ఒక రైతు సంగతి అలా కాదు. తండ్రి పట్టాలో ఒకలా, కొడుకు ఆధార్‌లో మరోలా ఉంటే వాళ్లిద్దరూ తండ్రీకొడుకులని నిరూపించుకోవడానికి ఆఫీసుల చుట్టూ తిరగాలి. 1/70 చట్టం ఉన్న చోట, 2006 అటవీ హక్కుల చట్టం కింద పట్టా వచ్చిన చోట, ఒక్క అక్షరం తేడా భూమి మీదికి వస్తుంది.

ఆడపిల్లల విషయం ఇంకా జాగ్రత్తగా చూడాలి. చదువు సర్టిఫికెట్లలో తండ్రి ఇంటిపేరు, పెళ్లయ్యాక ఆధార్‌లో భర్త ఇంటిపేరు ఉంటే రెండింటి మధ్య ఆమె ఇరుక్కుపోతుంది. ఎస్టీ హోదా పుట్టుకతో వచ్చేది, పెళ్లితో మారేది కాదు. కాబట్టి సర్టిఫికెట్లలో పుట్టింటి పేరు ఉంచుకున్నంత మాత్రాన అత్తింటి దేవరకు దూరమైనట్టు కాదు. దేవరకు పరిచయం చేసేది ఆచారం, ఆధార్ కార్డు కాదు.

ఇక్కడ మన యువకులు ఒక న్యాయమైన ప్రశ్న వేస్తారు. ‘పట్నంలో హాస్టల్‌లో నా పేరు చెబితే నవ్వుతున్నారు. నేను పేరు మార్చుకుంటే తప్పేమిటి?’ తప్పు లేదు. ఇప్ప ఆకు ఆచారమే ఆ వీలు ఇచ్చింది. పెద్దయ్యాక పేరు కాదనుకునేవాడు ఆనాడు మూసిన పిడికిలిని ఈనాడు తెరుస్తున్నాడు, అంతే. మనవాళ్లు పిల్లలకు సినిమా హీరోల పేర్లు పెట్టుకున్నా అది వాళ్ల ఇష్టం. అయితే ఒక మాట మనల్ని మనమే అడగాలి. ఆ పేరు మనకు నచ్చలేదా, లేక ఇతరులు నవ్వారు కాబట్టి నచ్చకుండా పోయిందా? రెండూ ఒకటి కావు. నచ్చక మార్చుకోవడం స్వేచ్ఛ. సిగ్గుతో మార్చుకుంటే ఆ సిగ్గు పోదు. వాళ్లు రేపు మన యాసను చూసి నవ్వుతారు, ఎల్లుండి మన అమ్మను చూసి నవ్వుతారు. అన్నిటినీ మార్చుకుంటూ పోలేం.

ఇంటిపేరు విషయం మాత్రం వేరు. పిలుపు పేరు మోసేవాడిది, ఇంటిపేరు ఉమ్మడిది. ఊరుమ్మడి వాగును ఒక్కడు మళ్లించుకోకూడదు. అలాగే సగ, గట్టు మొత్తానికి చెందిన పేరును ఒక్కరి సౌకర్యం కోసం విరిచి, మైదానపు పేరులా మార్చి రాసుకోకూడదు. రాసే ఉద్యోగికి ఆ హక్కు అసలే లేదు.

చట్టం కూడా మన ఆచారానికి కొంత చోటు ఇస్తోంది. 1969 జనన మరణాల నమోదు చట్టం ప్రకారం పేరు లేకుండానే బిడ్డ పుట్టుకను నమోదు చేయవచ్చు. ఏడాదిలోపు రుసుము లేకుండా పేరు చేర్పించవచ్చు. కాబట్టి ఆస్పత్రిలో తొందరపడి ఏదో ఒక పేరు చెప్పక్కర్లేదు. గూడేనికి వచ్చి, పెద్దలతో మాట్లాడి, ఆచారం జరిపించి, తర్వాత పంచాయతీ కార్యదర్శి దగ్గర రాయించుకోవచ్చు. అయితే 2023 అక్టోబర్ 1 తర్వాత పుట్టిన పిల్లలకు బడిలో చేరడం దగ్గర్నుంచి జనన ధ్రువీకరణ పత్రమే ఆధారం. రాయించే రోజున ప్రతి అక్షరం సరిచూసుకోవాలి.

ఉపాధ్యాయులుగా మన పని చిన్నదే. బిడ్డను బడికి తెచ్చిన తల్లిని, అవ్వను ‘ఇంట్లో ఏమని పిలుస్తారు? మీ ఇంటిపేరు మీరు ఎట్లా పలుకుతారు?’ అని అడగాలి. రాసింది చదివి వినిపించి, ‘ఇదేనా అవ్వా?’ అని మళ్లీ అడగాలి. ఆమె తల ఊపేవరకు ఆగాలి. తరగతిలో పిల్లల చేత తమ ఇంటిపేరు కథను పెద్దలను అడిగి రాయించాలి. తెలుగులో రాయించవచ్చు. వచ్చిన చోట గుంజాల గోండి లిపిలోనూ రాయించవచ్చు. పేరు ఎవరిది అనే ప్రశ్నకు పిల్లలు తలా ఒక జవాబు తెస్తారు. వాటిని గోడపత్రికగా అతికించి, బడికి వచ్చిన అమ్మలకు, నాన్నలకు చదివి వినిపిద్దాం. ఎక్కడైనా పేరు తప్పుగా ఉంటే వాళ్లే చెబుతారు.