రాత్రివేళ నిలుచుండు సేవకులు

వాక్యభాగము: కీర్తనలు 134, 1 కొరింథీయులకు 12:14–26



పావగడ తాలూకా వెంకటమ్మనహళ్లి వైపు పల్లెలు కర్ణాటకములో ఉన్నవే గాని అక్కడ ఇంటింటా వినబడునది మన తెలుగే. వానలు తప్పి వేరుశనగ పండని యేండ్లలో అటువంటి పల్లెల యౌవనస్థులు బెంగళూరు బస్సు ఎక్కుదురు. 2008 మే నెలలో దేవనహళ్లి యొద్ద క్రొత్త విమానాశ్రయము తెరువబడినది. అప్పటినుండి వారు వెదకు పనులలో అక్కడి గ్రౌండ్ స్టాఫ్ పని ఒకటి.

విమానాశ్రయములో ఉద్యోగమని విని ఊరివారు సంతోషింతురు. ఆ పని ఎట్టిదో చూడుడి. విమానము ఆగగానే చక్రములకు అడ్డుదిమ్మెలు పెట్టవలెను. ఇరుకైన సామాను అరలో మోకాళ్లమీద నుండి పెట్టెలు దింపవలెను. ముందు అరలో ఎంత, వెనుక అరలో ఎంత అని చీటీలో వ్రాసిన ప్రకారమే ఎక్కింపవలెను. లేనియెడల విమానము తూకము తప్పును. ఎండకు కాంక్రీటు సెగ, చెవిమూతలు పెట్టుకొనినను ఇంజను హోరు. పండుగయు లేదు, ఆదివారమును లేదు.

నేలమీద పడిన బోల్టును, రేకుముక్కను సహితము వారు ఏరివేయుదురు. 2000 జులై 25న పారిస్‌లో, వేరొక విమానమునుండి రాలిన సుమారు 43 సెంటీమీటర్ల లోహపు పట్టీ రన్‌వేపై పడియుండెను. దానిమీదుగా పోయిన కాంకార్డ్ విమానపు టైరు పగిలి, మంటలు లేచి, 113 మంది మరణించిరి. కాబట్టి చిన్న ముక్కను ఏరుట చిన్న పని కాదు.

బలము లేనట్టు అగపడు అవయవము లేకుండ దేహము నడువదని పౌలు కొరింథు సంఘమునకు నేర్పెను. రాత్రివేళ మందిరములో నిలుచుండు సేవకులను కీర్తనకారుడు మరువలేదు. మరి మనము?

నాలుగు ఆదివారములు కనబడని యౌవనస్థుని గూర్చి, "పట్నము పోయి చల్లారిపోయినాడు" అందుము. షిఫ్టు అతని చేతిలో లేదని తలంపము. అతడు రాత్రి డ్యూటీ ముగించి పండుకొను వేళకే మన ఆరాధన మొదలగును. ప్రభు బల్లయొద్ద అతని చోటు ఖాళీగా ఉండును. ఎవరును పలుకరింపక రెండేండ్లు గడిచినచో అతడు నిజముగానే దూరమగును. ఆ లెక్క ప్రభువు మనలను అడుగడా?

సంఘ పెద్దలారా, వారికి వీలైన సాయంకాలము ఒక గృహకూటము పెట్టుడి. ఇద్దరు వెళ్లి వారి గదిలో ప్రార్థించుడి. ఊరిలోనున్న తల్లికి క్షేమవార్త పంపుడి.

పనిచేయు తమ్ముడా, చెల్లీ, డ్యూటీని ప్రార్థన మానుటకు సాకు చేసికొనవద్దు. సెలవు ఏ దినమైతే ఆ దినమే సహవాసమును వెదకుము. ప్రయాణికులు నీ ముఖము ఎరుగరు. నీ ప్రభువు ఎరుగును.

రాత్రి మేలుకొని పనిచేయు మన బిడ్డలను దేవుడు కాపాడును గాక. ఆమేన్.