వృద్ధుల నియమములు - ఇంటివారి శుశ్రూష

తల్లిదండ్రుల ఆజ్ఞను శిరసావహించుట పుత్రధర్మమని పెద్దలు చెప్పుదురు. అయితే డెబ్బది యేండ్లు దాటిన తండ్రికి రక్తపుపోటు హెచ్చినది. ఉప్పు తగ్గించవలెననియు, ప్రతిదినము కొంత దూరము నడువవలెననియు వైద్యుడు చెప్పినాడు. ఆ మాటను ఆయనచేత ఆచరింపజేయు భారమెవ్వరిది? ఊరకున్నచో ఉపేక్ష యగును. శాసించినచో అవిధేయత యగును. బాల్యమున తనకు అన్నము కలిపి పెట్టిన చేయి నేడు ఆవకాయ జాడీ వైపు సాగుచుండగా, దానిని పట్టి ఆపుటకు కుమారునకు అధికారము కలదా? ఈ ధర్మసంకటము నేడు ఇంటింట కనబడుచున్నది.

"ఈ వయస్సులో ఇంకెందుకీ ఆంక్షలు? తిననిండు" అనువారును కలరు. ఈ మాట దయవలె వినబడును గాని, తరచుగా దాని లోపల నున్నది విసుగే. రక్తపుపోటు అదుపు తప్పి పక్షవాతము వచ్చినచో, మంచము పట్టి గడపవలసిన కాలము ఆ వృద్ధునిదే గాని సలహా చెప్పినవారిది కాదు గదా! మరికొందరు ఆవకాయ జాడీని అటకమీద దాచి, "అయిపోయినది" అని బొంకుదురు. పాలలో మాత్ర కలిపి, చెప్పకయే త్రాగింతురు. మేలు కొఱకే చేసినను, ఇది పెద్దవారిని పసిబిడ్డగా చూచుటయే. అసలు సంగతి తెలిసిననాడు ఆ ఇంటిలో వడ్డించు ప్రతి ముద్దనూ వారు శంకింతురు.

ఇచట ఒక విషయము గమనింపదగినది. వయస్సు మీరిన కొలది నాలుకకు రుచి తెలియు శక్తియు, ముక్కునకు వాసన తెలియు శక్తియు తగ్గును. అందరికీ సరిపోయిన పప్పు ముదుసలికి చప్పగా తోచును. ఇంటివారు దానిని జిహ్వాచాపల్యమనుకొందురు. అట్లే వార్ధక్యమున దాహము కూడ తగినంత తెలియదు. వేసవిలో నీరు త్రాగక సొమ్మసిల్లు పెద్దలు మొండితనముచే త్రాగనివారు కారు. దేహధర్మమును దోషముగా నెంచి మందలించుటతోనే సగము కలహము పుట్టుచున్నది.

కుంభకోణమునకు సమీపమున తిరునాగేశ్వరమునందలి ఒప్పిలియప్పన్ సన్నిధిని సేవించిన యాత్రికులకు అచటి నైవేద్యము ఉప్పు లేనిదని తెలియును. స్వామి వృద్ధ బ్రాహ్మణ రూపమున వచ్చి, మార్కండేయ మహర్షి పెంచిన భూదేవిని కన్యగా కోరినాడట. బాలికకు వంటలో ఉప్పు వేయుటయైనను తెలియదని మహర్షి వెనుకాడగా, ఉప్పు లేకున్నను తనకు ప్రీతియేనని స్వామి పలికెనని స్థలపురాణము. ఈ కథలో వృద్ధునిచేత ఉప్పు మాన్పించినవారు లేరు. ఎవరితో కలిసి బ్రతుకదలచెనో వారిపై ప్రేమచే ఆయనే మానెను. నేటికిని ఆ కోవెలలో ప్రసాదము అందరికీ ఒక్కటియే. ఒకరికి ఉప్పుది, ఒకరికి చప్పిడిది అను భేదము లేదు.

ఇండ్లలో జరుగుచున్నది వేరు. కోడలు మామగారికి వేరు గిన్నెలో చప్పిడి కూర వండి, తక్కినవారికి పోపు ఘుమఘుమలాడు పులుసు వడ్డించును. ఆయనకు రుచి పోయిన బాధ కంటె పంక్తిలో వేరైతినను బాధ మిక్కుటము. పెద్దలెవరైనను రోజునకు 5 గ్రాముల లోపు, అనగా ఇంచుమించు ఒక చిన్న చెంచాడు, ఉప్పు తినవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. అది ముసలివారికి మాత్రమే చెప్పినది కాదు. కనుక ఇంటిల్లిపాదియు తగ్గించుట న్యాయము. ఒక్కమారుగా గాక మెల్లమెల్లగా తగ్గించి, నిమ్మరసము, మిరియములు, కొత్తిమీర, మామిడి అల్లము వాడినచో కొన్ని వారములలో నాలుక అలవాటుపడును. అప్పడము, వడియము, ఊరుమిరపకాయలలోని ఉప్పును కూడ లెక్కలో చేర్చవలెను. ఎంత తగ్గించవలెనను మాట మాత్రము వైద్యునిదే.

ఏకాదశి విషయము ఇంతకంటె సున్నితమైనది. ఇన్సులినుగాని, కొన్ని విధముల మాత్రలుగాని వాడు మధుమేహ రోగి నిరాహారముగా నున్నచో, రక్తములో చక్కెర పడిపోయి చెమట, వణకు, మతిభ్రమ కలుగును. అయినను డెబ్బది యేండ్ల తల్లి, "నలుబది యేండ్ల వ్రతము విడువను" అనును. ఆమెతో వాదించుట వ్యర్థము; ఆ వ్రతము ఆమె జీవితమునకు వెన్నెముక. కాని శాస్త్రమే ఇచట దయగలది. ఎనిమిదేండ్లు నిండని బాలురకును, ఎనుబది నిండిన వృద్ధులకును ఉపవాసము విధింపబడలేదు. నీరు, పండ్లు, పాలు మున్నగు వ్రతభంగము చేయని ఎనిమిదింటిలో ఔషధమును, గురువచనమును మహాభారతము చేర్చినది. ఈ మాటను కుమారుడు చెప్పుట కంటె, ఆమె నమ్మిన ఆచార్యులు చెప్పుట మేలు. ఇది ఉపాయమే గాని కపటము కాదు. ఆమెకు తెలియకుండ ఏదియు జరుగలేదు. ఉపవాసమునకు ముందే వైద్యునితో మాటాడి మందు మోతాదును సరిచేసికొనుటయు ఆమె ఎదుటనే జరుగవలెను.

నడక సంగతియు ఇట్టిదే. అరువది యైదేండ్లు దాటినవారు వారమునకు మూడు దినములైనను శరీరపు తూకము నిలుపు అభ్యాసము చేయవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించినది. పడిపోవుటను అది తగ్గించును. "నడువండి, నడువండి" అని పడకకుర్చీలో కూర్చుండి పలుకుట సులభము. "నాన్నగారూ, కోవెలకు వెళ్ళివద్దామా?" అని చెప్పులు తెచ్చి ముందుంచుట వేరు. చేతికఱ్ఱ పట్టుటకు సిగ్గుపడు పెద్దలు గురుపరంపరలోని ఒక గాథను తలచుకొనవచ్చును. భగవద్రామానుజులు వార్ధక్యమున శ్రీరంగములో కావేరీ స్నానమునకు పోవునపుడు బ్రాహ్మణ శిష్యుని భుజముపైనను, వచ్చునపుడు ధనుర్దాసుని భుజముపైనను చేయి వేసికొని నడచెడివారట. ఈ గాథను సాధారణముగా జాతిభేదము లేని భక్తికి నిదర్శనముగా చెప్పుదురు. అంతటి ఆచార్యుడు ఇంకొకరి భుజముపై ఆనుకొనుటకు సంకోచింపలేదనుటయు అందున్నది. జీవుడు భగవంతునికి పరతంత్రుడని బోధించినవారికి, ఒక భుజమునకు పరతంత్రుడగుట కొఱత కాలేదు.

ఇంతయు చేసినను, సర్వము తెలిసికొని, "నాకు వలదు" అను పెద్దలుందురు. వారి బుద్ధి స్థిరముగా నున్నంతవరకు నిర్ణయము వారిదే. వినలేదను కోపముతో ఇంటివారు పలుకుట మానరాదు. స్నానపు గదిలో తడిని తుడిచి, రాత్రి దారిలో దీపముంచి, మందు వేళకు మంచినీళ్ళతో వచ్చి నిలువవలెను. మఱునాటి సాయంకాలము చెప్పులు మరల గుమ్మము వద్ద నుండవలెను.