కారునకు పిట్టగోడ

ధ్యానమునకు: 2 రాజులు 12 : 4–15, 16 : 10–18, ద్వితీయోపదేశకాండము 22 : 8

శ్రీకాకుళము, విజయనగరము జిల్లాలలో సముద్రమునకు దగ్గరగా కాపురమున్నవారికి కారు ఉంచుకొనుట యనగా తుప్పుతో పోరాడుటయే. కళింగపట్నము మొదలు బారువ వరకు వీచు ఉప్పుగాలి రేకును లోపలినుండి తినివేయును. పైన రంగు నిగనిగలాడుచుండగనే తలుపు అడుగున వ్రేలు పెట్టి నొక్కినయెడల లోపలికి పోవును. అందుచేత మన ప్రాంతములో పాత అంబాసిడరు గలవారు దానిని ఊరక ఉంచుకొనలేరు. ఒక యేడు అడుగు రేకులు, ఒక యేడు సీట్లు, మరియొక యేడు ఇంజను, ఏదో యొకటి మార్చుచునే యుందురు. ఇరువది ముప్పది సంవత్సరములు ఇట్లు గడచిన పిమ్మట అది కంపెనీ చేసిన బండి కాదు, యజమానుడు చేసికొన్న బండి యగును.

ఇట్టి మమకారము విశ్వాసికి తగునా అని మన సంఘములలో కొందరు అడుగుట కలదు. చిమ్మెటకును తుప్పునకును ఆహారమగు ధనమునుగూర్చి ప్రభువు కొండమీద చెప్పిన మాటను వారు ఎత్తి చూపుదురు. ప్రశ్న మంచిదే. కాని జవాబు అంత త్వరగా చెప్పరాదని మాకు తోచుచున్నది. నాతాను దావీదునకు చెప్పిన ఉపమానములోని బీదవానికి ఒకే గొఱ్ఱెపిల్ల యుండెను. తన కంచములోనిది దానికి పెట్టి, బిడ్డవలె పెంచుకొనెను. ప్రవక్త ఆ ప్రేమకు వంక పెట్టలేదు. మందలు మందలు ఉండియు ఆ ఒక్కదానిని లాగుకొన్న ధనవంతునిమీదనే దావీదునకు కోపము వచ్చెను. గొఱ్ఱెపిల్లకు ప్రాణమున్నది, కారునకు లేదు గదా అందురేమో. నిజమే. అయినను ఆ కారులోనే పెండ్లికుమార్తెను తెచ్చుకొన్న ఇంటివారు దానిని వట్టి రేకు అనలేరు.

అంబాసిడరు సంగతి మన పెద్దలందరికి తెలిసినదే. ఇంగ్లాండులోని మారిస్ ఆక్స్‌ఫర్డు నమూనానుబట్టి హిందూస్థాన్ మోటార్స్ వారు కలకత్తా దగ్గర ఉత్తరపారాలో దానిని 1957 ప్రాంతమున మొదలుపెట్టిరి. 2014 మే నెలలో నిలిపివేసిరి. అన్ని యేండ్లును దాని ఆకారము ఇంచుమించు ఒక్కటే. కంపెనీవారు మార్చనిదంతయు యజమానులే మార్చిరి. పెట్రోలు ఇంజను తీయించి డీజిలు ఇంజను ఎక్కించిరి. స్టీరింగు ప్రక్కనున్న గేరును క్రిందికి దింపించిరి. ముగ్గురు కూర్చుండు ముందు బల్లసీటును రెండుగా కోయించిరి. రోడ్డు ప్రక్క షెడ్డులోని మేస్త్రి సుత్తెయు వెల్డింగు కఱ్ఱయు దాని రెండవ పుట్టుకకు కారణములు.

అన్నియు మారిన తరువాత అది అదే కారగునా? ఏథెన్సువారు థీసియసు ఓడను భద్రపరచుచు పాడైన పలకల నొకటొకటిగా మార్చుచుండగా, అది ఆ ఓడయేనా కాదా యని పండితులు వాదించుకొనిరట. రవాణా ఆఫీసులో ఈ వాదమునకు చోటు లేదు. చాసిస్ నెంబరు ఏదో అదే కారు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను తయారీదారు చెప్పిన వివరములకు విరుద్ధముగా బండిని మార్చరాదనుచున్నది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీనిని మరల గట్టిగా చెప్పెను. ఇంజను మార్చవలెనన్న నిబంధనల ప్రకారము మార్చి, పుస్తకములో వ్రాయించుకొనవలెను. సొంత కారు రిజిస్ట్రేషను పదునైదు సంవత్సరములు చెల్లును. ఆపైన బండిని చూపించి అయిదేసి సంవత్సరములకు పొడిగించుకొనవలెను.

మన ఇండ్లలో చెప్పు జవాబు వేరు. “ఇది నాన్నగారు నడిపిన కారు” అందురు. తీరా చూచిన, నాన్నగారు పట్టుకొన్న స్టీరింగు కూడ దానిలో లేదు. మిగిలినది దానిని చేరదీసిన మనుష్యులును, దానితో చేసిన పనులును మాత్రమే. కనుక అనేక సంవత్సరములు మార్చబడిన కారు ఒక విధముగా దాని యజమానుని హృదయమునుగూర్చిన లెక్కపుస్తకము. ఏది ముందు మార్చెను, ఎవరిని తలంచుకొని మార్చెను అనునది చూచితిమా, అతని ధనము ఎక్కడనున్నదో తెలియును.

రాజుల గ్రంథములో మందిరమును ముట్టుకొన్న ఇద్దరు రాజులున్నారు. యోవాషు శిథిలమైన చోట్లు బాగుచేయించెను. మూతకు రంధ్రము చేసిన పెట్టెలో పడిన రూకలు వడ్రంగులకు, కాసెపనివారికి, మ్రానులకు, రాళ్లకు పోయెను. వెండి పాత్రలకు ఆ సొమ్ము వాడలేదు. ఆహాజు దమస్కునకు పోయి, అచ్చట ఒక బలిపీఠమును చూచి మనసుపడి, దాని నమూనా ఊరియాకు పంపెను. రాజు తిరిగి వచ్చునప్పటికి క్రొత్త పీఠము సిద్ధము. పాత ఇత్తడి పీఠము ప్రక్కకు పోయెను. ఎడ్లమీదనున్న ఇత్తడి సముద్రము క్రిందికి దిగెను. ఇద్దరును మార్చినవారే. ఒకడు మందిరమునకు ఏమి లోపమో చూచెను. మరియొకడు పరుల యొద్ద ఏమున్నదో చూచెను. ప్రక్కవాని బండిమీద చూచిన దానిని మన బండిమీద చూడకున్న నిద్రపట్టనివారు ఆహాజు కథ తీరికగా చదువవలెను.

అలంకారమంతయు పాపమని మేము చెప్పము. బెసలేలునకు నగిషీపని నేర్పినది దేవుని ఆత్మయే. ఆదివారము సాయంకాలము కూర్చుండి ఇత్తడి తొడుగులు తళతళలాడునట్లు తుడుచుకొను మనుష్యుని చూచిన మాకు సంతోషమే. బండిని తిరుగ చేయించుట పెద్ద పనికి ఉపయోగపడుటయు కలదు. 1982లో ఎన్.టి. రామారావుగారు పాత షెవ్రొలే వ్యానును, పైన నిలువబడి మాటలాడుటకు వీలుగా, చైతన్యరథముగా మార్పించి రాష్ట్రమంతయు తిరిగిరి. రాజకీయముల మాటతో ఇక్కడ మాకు పనిలేదు. బండి ఎవరివైపు తిరిగి యుండెనో అది మాత్రము చూడుడి.

అసలు చిక్కు మరియొకచోట నున్నది. క్రొత్త ఇల్లు కట్టువాడు మిద్దెకు పిట్టగోడ కట్టవలెనని ధర్మశాస్త్రము విధించెను. ఎందుకు? ఎవరైనను పడిన, ఆ ఇంటిమీదికి రక్తాపరాధము రాకుండుటకు. అనగా నీ ఆస్తివలన ఇతరునికి హాని రాకుండ నీ ఆస్తిని నీవే మార్చుకొనవలెను. ఇప్పుడు బండ్లకు ముందు బిగించు లావైన ఇనుప క్రాష్ గార్డును చూడుడి. అది పిట్టగోడకు సరిగా తలక్రిందులు. ఇతరులవలన నా ఆస్తికి హాని రాకుండ చేయునది. తగిలిన దెబ్బను బండి రేకు కొంత మ్రింగుకొనవలెను. ఆ గార్డు దానిని మ్రింగనీయదు, నడిచిపోవువాని కాలిమీదికే తిప్పును. కేంద్ర ప్రభుత్వము 2017 డిసెంబరులో వీటిని తొలగింపుమని రాష్ట్రములకు వ్రాసెను. అయినను భోగాపురమునుండి ఇచ్ఛాపురము వరకు జాతీయ రహదారిమీద అవి కనబడుచునే యున్నవి, వాటిలో కొన్ని బండ్ల అద్దములమీద వాక్యములును కనబడుచున్నవి. ఎదుటివాని కన్నులు చెదరగొట్టు తెల్లదీపములు అట్టివే. చీకటిలో సైకిలుమీద ఇంటికి పోవు కూలివానికి ఆ వెలుగులో గట్టు కనబడదు.

పిట్టగోడవంటి మార్పులు కూడ మన ప్రాంతమున లేకపోలేదు. ముసలివారు పట్టుకొని దిగుటకు తలుపు ప్రక్కన బిగించిన పిడి అట్టిది. ఉద్దానము ఊళ్లనుండి మూత్రపిండముల రోగులను విశాఖపట్నము తీసికొనిపోవుటకు, రోగి పండుకొనునట్లు వెనుకకు వాలు ముందు సీటు అట్టిది. ఇవి ఫోటోలలో అందముగా కనబడవు. రోగి వాంతిచేసికొన్న రెక్సిను సీటు అమ్ముడుపోవునప్పుడు ధర తగ్గించును కూడ.

ఇల్లాలి మాట కూడ చెప్పవలెను. యోవాషు కాలమున పనివారు నమ్మకస్థులు గనుక వారిని లెక్క అడుగలేదని వ్రాయబడియున్నది. మేస్త్రి ఇచ్చిన బిల్లును చొక్కాజేబులో మడిచి దాచుకొను భర్తను ఎవరును లెక్క అడుగకపోవుట అట్టి నమ్మకముచేత కాదు. పిల్లల ఫీజు గడువు దాటుచుండగా చక్రములకు మెరుపు తొడుగులు వచ్చిన ఇంటిలో, ఆ కారును ప్రేమించునది ఒక్కరే.

2017లో అంబాసిడరు అను పేరును కూడ హిందూస్థాన్ మోటార్స్ వారు ఎనుబది కోట్ల రూపాయలకు ప్యూజో కంపెనీకి అమ్మివేసిరి. క్రొత్త కారు రాదు గనుక తలుపు గాని బానెటు గాని కావలసినవారు పాత సామానుల కొట్లకు పోయి వెదకుదురు. తన బండి ఇక నడువదని తెలిసికొన్న యజమానులు కొందరు దానిని ఇంటిముందు తుప్పుపట్టనీయక, మేస్త్రిని పిలిచి, బాగున్న భాగముల నొకటొకటిగా విప్పించుచున్నారు. ఎడమవైపు తలుపు ఒక ఊరికి, గేరుపెట్టె మరియొక ఊరికి పోవుచున్నవి.